911 అడిగే ప్రశ్నలకు మన పెద్దవాళ్లను సిద్ధం చేయడం గురించి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి బయలుదేరే తల్లిదండ్రుల కోసం తయారుచేసిన ఇంగ్లీషు వాక్యాల పట్టికలు ఇప్పుడు ప్రతి కుటుంబపు వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతున్నాయి. విమానాశ్రయంలో ఏమనాలి, దుకాణంలో ఏమనాలి అన్న వాటితో పాటు, ఆపద సమయంలో వాడవలసిన వాక్యాలంటూ ఒక పెద్ద భాగం వాటిలో తప్పకుండా ఉంటుంది. 'ప్లీజ్ హెల్ప్ మీ', 'కాల్ ది పోలీస్', 'దేర్ హ్యాజ్ బీన్ యాన్ యాక్సిడెంట్', 'ఐ హ్యావ్ లాస్ట్ మై పాస్‌పోర్ట్' అంటూ సాగే ఆ వాక్యాల్లో వ్యాకరణ దోషం ఏమీ ఉండదు. ఉద్యోగ జీవితమంతా జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, పదవీ విరమణ తర్వాత ఏటా కొన్ని నెలలు డాలస్ శివార్లలో కొడుకు ఇంట్లో గడిపే నాకు ఆ పట్టికల మీద ఉన్న అభ్యంతరం వేరు. అవి, మాట్లాడేది మనం ఒక్కరమే అన్నట్టు రాసినవి. ఆపద వేళ ఫోనులో సంభాషణను నడిపేది మనం కాదు, అవతల కూర్చున్న ఉద్యోగి. ఆయన ఏం అడుగుతాడో, ఏ వరసలో అడుగుతాడో, ఎందుకు అడుగుతాడో తెలియని మనిషికి యాభై వాక్యాలు కంఠస్థం వచ్చినా అందులో ఏ వాక్యం ఎప్పుడు బయటికి తీయాలో తోచదు. మా బడుల్లో ఇంగ్లీషు కూడా ఇలాగే చెప్పాం. వ్యాసం రాయడం నేర్పాం, ప్రశ్న చెవిన పడగానే జవాబు చెప్పడం నేర్పలేదు. ఆ పాఠశాలల్లో చదువుకున్న తరమే ఇప్పుడు మనవల్ని పెంచడానికి విమానాలెక్కుతోంది.

అమెరికాలో 911 అన్న నంబరు 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో మొదటిసారి మోగింది. ఇప్పుడు పోలీసుకైనా, అంబులెన్సుకైనా, అగ్నిమాపక దళానికైనా అదే నంబరు. మనకు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అలవాటే కనుక, ఒక నంబరుకు ఫోను చేస్తే బండి వస్తుందన్న నమ్మకం మనవాళ్లకు కొత్త కాదు. తేడా ఎక్కడ వస్తుందంటే, 108కి ఫోను చేసి 'అయ్యా, రామాలయం పక్క సందులో, వాటర్ ట్యాంకు ఎదురుగా' అంటే మన ఊళ్లో బండి వచ్చేస్తుంది, దారి తప్పితే పది మంది చూపిస్తారు. అక్కడ మధ్యాహ్నం పూట వీధిలో మనిషే కనిపించడు. 'గుడి దగ్గర, ఇండియన్ స్టోర్ వెనకాల' అన్న గుర్తులు ఆ ఉద్యోగి తెర మీద ఉండవు.

అందుకే అక్కడ చాలా కేంద్రాల్లో ఫోను ఎత్తగానే వినిపించే మొదటి ప్రశ్న 'వాట్ ఈజ్ ది అడ్రస్ ఆఫ్ యువర్ ఎమర్జెన్సీ?' అన్నదే. ఏమైందని కాదు, ఎక్కడ అని. మన పట్టికలన్నీ ఏమైందన్న దానితోనే మొదలవుతాయి. దీనికి వెనక ఉన్న కారణం చాలా సూటిగా ఉంటుంది. ఫోను మధ్యలో తెగిపోయినా, మాట్లాడుతున్న మనిషే పడిపోయినా, చిరునామా ఒక్కటి చేతికందితే ఎవరినో ఒకరిని పంపగలరు. ఏమైందో పూర్తిగా తెలిసి ఎక్కడో తెలియకపోతే ఎవరినీ పంపలేరు. మొబైల్ ఫోను ఎక్కడున్నదీ వాళ్లకు కనిపిస్తుంది కదా అనుకోవద్దు. కనిపించేది సుమారైన చోటే. మూడు అంతస్తుల అపార్టుమెంట్ల సముదాయంలో ఏ భవనం, ఏ అంతస్తు, ఏ తలుపు అన్నది మనమే చెప్పాలి. గేటుకు తాళం అంకెలుంటే అవి కూడా చెప్పాలి.

చిరునామా చెప్పడంలోనే మన ఇంగ్లీషుకు మొదటి పరీక్ష ఎదురవుతుంది. మనం 4415 అన్న ఇంటి నంబరును 'డబుల్ ఫోర్ వన్ ఫైవ్' అంటాం. ఈ 'డబుల్' అన్న పద్ధతి అమెరికన్ చెవికి అలవాటు లేదు. 'ఫోర్, ఫోర్, వన్, ఫైవ్' అని విడివిడిగా చెప్పాలి. 'ఫిఫ్టీన్' అన్నది మన నోట 'ఫిఫ్టీ'లా వినిపిస్తుంది కనుక 'వన్ ఫైవ్' అనడమే క్షేమం. వీధి పేరును అక్షరాలు విడదీసి చెప్పమంటే, మనం 'జడ్' అనే అక్షరాన్ని వాళ్లు 'జీ' అంటారు. బి, డి, టి, వి అక్షరాలు ఫోనులో ఒకదానిలా ఒకటి వినిపిస్తాయి. అందుకని 'బి ఫర్ బాయ్, డి ఫర్ డాగ్' అని చెప్పడం మంచిది. ఈ మాటలేవీ ఆ యాభై వాక్యాల పట్టికలో ఉండవు. నన్నడిగితే కొడుకు ఇంటి చిరునామాను తడుముకోకుండా, ఎదుటివాడికి అర్థమయ్యేలా పలకగలగడం తక్కిన నలభై తొమ్మిది వాక్యాల పెట్టు. ఆ చిరునామాను పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాలి. కంగారులో కన్నకొడుకు పేరే మరిచిపోతాం, వీధి పేరు ఎంత?

రెండో ప్రశ్న 'టెల్ మీ ఎగ్జాక్ట్లీ వాట్ హ్యాపెండ్' అన్న తీరులో వస్తుంది. ఇక్కడ మనవాళ్లు కథ మొదలుపెడతారు. పొద్దున్న లేచారు, కాఫీ తాగారు, కాసేపు పేపరు చూశారు, నిన్న రాత్రి నుంచే కొంచెం నలతగా ఉందన్నారు, నేను గ్యాసేమో అనుకున్నాను, అంటూ జరిగిన వరసలో చెప్పుకొస్తారు. మన మాటతీరు అది, అందులో తప్పు పట్టవలసింది లేదు. ఊళ్లో డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు అదే పనికొస్తుంది కూడా. 911లో మాత్రం చివరి ముక్క ముందు రావాలి. 'మై హస్బెండ్ ఫెల్ డౌన్. నాట్ టాకింగ్.' అంతే. క్రియారూపం తప్పినా, 'ది' పడకపోయినా, 'హస్బెండ్ ఫాల్, నో టాకింగ్' అన్నా ఆ ఉద్యోగికి అర్థమైపోతుంది. జీవితమంతా పిల్లల కాగితాల్లో అలాంటి వాక్యాల కింద ఎర్రగీత గీసిన మనిషిగా ఈ మాట చెబుతున్నాను. ఆపదలో వ్యాకరణం అవసరం లేదు. 'కైండ్లీ', 'ఐ వుడ్ లైక్ టు ఇన్‌ఫార్మ్ యు' వంటి మర్యాదలు అసలే అవసరం లేదు. సెలవుచీటీల నుంచి వచ్చిన ఆ భాష వల్ల సమయం పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

వరసలు కూడా అక్కడ పనికిరావు. మన ఇంగ్లీషులో తోడల్లుడు 'కో-బ్రదర్' అవుతాడు, పెదనాన్న కొడుకు 'కజిన్ బ్రదర్' అవుతాడు. దక్షిణ భారతం దాటితే 'కో-బ్రదర్' అంటే ఎవరికీ తెలియదు. పడిపోయిన మనిషి మనకు ఏమవుతాడన్నది వాళ్లకు అక్కర్లేదు. 'వన్ మ్యాన్, సిక్స్టీ ఎయిట్ ఇయర్స్' అంటే చాలు.

ఆ తర్వాత వచ్చే రెండు ప్రశ్నల దగ్గర నేను కాసేపు ఆగవలసి ఉంది. ఎందుకంటే ప్రాణం అక్కడే అటో ఇటో అవుతుంది. 'ఈజ్ హీ అవేక్?', 'ఈజ్ హీ బ్రీదింగ్ నార్మల్లీ?' అన్నవి ఆ ప్రశ్నలు. స్పృహలో ఉన్నాడా, ఊపిరి మామూలుగా ఆడుతోందా అని. రెండింటికీ లేదన్న జవాబే వస్తే గుండె ఆగిపోయిందన్న లెక్కతో వాళ్లు వెంటనే ఛాతీ మీద నొక్కించడం మొదలుపెడతారు. గుండె హఠాత్తుగా ఆగిన మనిషి మొదటి నిమిషాల్లో అప్పుడొకటి ఇప్పుడొకటిగా నోరు తెరిచి గాలి అందుకున్నట్టు చేయవచ్చు, గురకలాంటి చప్పుడు కూడా రావచ్చు. మన ఊళ్లలో దాన్ని ఎగశ్వాస అంటారు, ఎగశ్వాస పెడితే ఇక మనిషి దక్కడని పెద్దవాళ్లకు తెలుసు కూడా. ఆ తెలిసిన పెద్దవాళ్లే ఫోనులో 'బ్రీదింగ్?' అని అడిగితే, ఏదో చప్పుడు వస్తోంది కదా అని 'యెస్, బ్రీదింగ్' అంటారు. ఆ ఒక్క 'యెస్' వల్ల ఛాతీ నొక్కే పని ఆలస్యమవుతుంది. ప్రశ్నలో 'నార్మల్లీ' అన్న మాట ఉన్నది అందుకే. ఎగశ్వాస మామూలు ఊపిరి కాదు కనుక జవాబు 'నో, నాట్ నార్మల్' అన్నదే. ఈ ఒక్క సంగతి మన తల్లిదండ్రులకు తెలుగులో వివరించి చెప్పగలిగితే, నేను రాస్తున్న ఈ వ్యాసంలో తక్కినదంతా వదిలేసినా నాకు బాధ లేదు.

దీనికి తోడు మన సంభాషణ అలవాట్లు రెండున్నాయి. ఎదుటివారు చెబుతున్నది వింటున్నామని తెలపడానికి మనం మధ్యమధ్యలో 'ఆఁ, ఆఁ' అంటాం. ఇంగ్లీషులో అదే 'యెస్ యెస్, ఓకే ఓకే' అవుతుంది. అవతలి ఉద్యోగికి అది వింటున్నామన్న గుర్తుగా కాక, అడిగినదానికి అవునన్న జవాబుగా వినిపిస్తుంది. ఇక రెండోది ఇంకా చిక్కు. 'ఊపిరి ఆడటం లేదా?' అని తెలుగులో అడిగితే 'అవునండీ, ఆడటం లేదు' అంటాం. అడిగిన మాట నిజమేనని ఒప్పుకోవడం మన పద్ధతి. 'హీ ఈజ్ నాట్ బ్రీదింగ్?' అన్నదానికి అదే అలవాటుతో 'యెస్' అని ఊరుకుంటే అవతలివాళ్లకు అది ఎటూ తేలదు. దీనికి మందు ఒక్కటే. 'యెస్', 'నో' అన్న ఒంటి మాటలతో ఆపకుండా, 'హీ ఈజ్ నాట్ బ్రీదింగ్' అని పూర్తి వాక్యాన్ని తిరిగి చెప్పాలి. వాక్యం చిన్నదే కనుక కష్టం ఉండదు.

ఛాతీ నొక్కించేటప్పుడు ఆ ఉద్యోగి నోట వచ్చే మాటలు కూడా వినగానే గుర్తుపట్టేలా ఉండాలి. 'ఫ్లాట్ ఆన్ హిజ్ బ్యాక్' అంటే వెల్లకిలా, మంచం మీద నుంచి నేల మీదికి దించి పడుకోబెట్టమని. 'సెంటర్ ఆఫ్ ది చెస్ట్' అంటే రొమ్ము నడిమి ఎముక మీద, మణికట్టు దగ్గరి అరచేతి భాగం ఆనించమని. 'పుష్ హార్డ్ అండ్ ఫాస్ట్' అంటే కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కమని. ఆయన 'వన్, టూ, త్రీ, ఫోర్' అని పైకి లెక్కపెడుతుంటే మనమూ ఆ లెక్కకు నొక్కాలి. ఫోనును స్పీకరులో పెట్టడం ఎలాగో అమ్మకు ముందే చూపించి ఉంచాలి. చేతులు రెండూ పనిలో ఉన్నప్పుడు ఫోను చెవి దగ్గర పట్టుకోవడం కుదరదు.

ఇన్ని ప్రశ్నలు అడిగేలోగా బండి పంపవచ్చు కదా అని మనవాళ్లు విసుక్కుంటారు, కొందరు కోపంతో ఫోను పెట్టేస్తారు. చాలాచోట్ల ప్రశ్నలు అడిగే మనిషి వేరు, బండిని కదిలించే మనిషి వేరు. మనం జవాబులు చెబుతుండగానే తెర మీద అవి రెండోవాళ్లకు చేరుతాయి, బండి అప్పటికే బయలుదేరి ఉంటుంది. కనుక 'స్టే ఆన్ ది లైన్', 'డోంట్ హ్యాంగ్ అప్' అన్న మాటలకు అర్థం తెలిసి ఉండటం, వాళ్లు పెట్టమనేదాకా ఫోను పెట్టకుండా ఉండటం తప్పనిసరి. పొరపాటున మనవడు 911 నొక్కినా సరే, చటుక్కున పెట్టేయకుండా 'సారీ, బై మిస్టేక్, నో ఎమర్జెన్సీ' అని చెప్పి పెట్టాలి. పెట్టేస్తే వాళ్లు తిరిగి ఫోను చేస్తారు, జవాబు లేకపోతే పోలీసులు తలుపు తట్టవచ్చు.

ఇంతకీ ఇంగ్లీషు బొత్తిగా రాని అమ్మమ్మ సంగతేమిటి? ఆమెకు నేర్పవలసింది రెండే రెండు మాటలు. ఒకటి చిరునామా, రెండోది 'తెలుగు ఇంటర్‌ప్రెటర్'. అక్కడి 911 కేంద్రాలు చాలావరకు ఫోనులోనే దుబాసీలను కలిపే సంస్థలతో ఒప్పందాలు పెట్టుకుని ఉంటాయి. ఆ భాషల్లో తెలుగు కూడా ఉంటుంది. 'తెలుగు, తెలుగు' అని స్పష్టంగా రెండుసార్లు అని, లైనులో మౌనంగా ఆగితే మూడో గొంతు తెలుగులో పలకరిస్తుంది. 'ఇండియన్' అని మాత్రం అనకూడదు. అంటే హిందీ దుబాసీ వచ్చే అవకాశం ఉంది. మన కోనసీమ అమ్మమ్మకు ఇంగ్లీషు ఎంతో హిందీ కూడా అంతే.

ఇది ఎవరో దయతలచి చేసే ఉపకారం కాదని మనవాళ్లు గ్రహించాలి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ సంస్థ అయినా జాతి, పుట్టిన దేశం కారణంగా వివక్ష చూపరాదని 1964 నాటి పౌరహక్కుల చట్టం చెబుతుంది. ఇంగ్లీషు రానివారికి సేవ అందేలా చూడటం దాని కిందికే వస్తుందన్న అవగాహన దశాబ్దాలుగా ఉంది. దాన్ని అమలు చేయమంటూ 2000 సంవత్సరంలో అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వును, ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ 2025 మార్చిలో రద్దు చేశారు. అయినా చట్టం చట్టంగానే ఉంది. ఆసుపత్రుల విషయంలో 2010 నాటి ఆరోగ్య చట్టం ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. అర్హత ఉన్న దుబాసీని రోగికి ఖర్చు లేకుండా ఇవ్వాలి. కనుక ఎమర్జెన్సీ గదిలో ఎనిమిదేళ్ల మనవరాలిని మధ్యన నిలబెట్టి తాతగారి మూత్రం సంగతి ఇంగ్లీషులోకి మార్పించే పని మానుకుందాం. ఆ పిల్లకు 'కిడ్నీ' తెలుసు గాని మూత్రంలో మంట అన్నదాన్ని ఎలా చెప్పాలో తెలియదు, తాతగారికి మనవరాలి ఎదుట ఆ మాట చెప్పడానికి నోరూ రాదు.

ఇతర దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆస్ట్రేలియాలో 000, బ్రిటన్‌లో 1937 నుంచీ 999, ఐరోపా సమాఖ్య దేశాల్లో 112. ఆస్ట్రేలియాలో ముందుగా 'పోలీస్', 'ఫైర్', 'ఆంబులెన్స్' అన్న మూడింటిలో ఒక మాట చెప్పి, తర్వాత 'తెలుగు' అనాలి. బ్రిటన్‌లో మాట్లాడలేని స్థితిలో మొబైల్ నుంచి 999 చేసినవారు 55 నొక్కితే, మాట లేకపోయినా అది నిజమైన ఆపదేనని వాళ్లకు తెలుస్తుంది. ఇంట్లో హింసకు గురవుతున్న మన ఆడపిల్లలకు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

జబ్బుల పేర్ల దగ్గర మన ఇంగ్లీషు వేరు, వాళ్ల ఇంగ్లీషు వేరు. 'ఫిట్స్' అంటే అమెరికాలో వెంటనే అందదు, 'సీజర్' అనాలి. 'షుగర్ డౌన్' అన్నదాని కంటే 'డయాబెటిక్, షుగర్ ఈజ్ లో' అనడం మేలు. అన్నిటికంటే ప్రమాదకరమైనది మన 'గ్యాస్'. ఛాతీలో బిగపట్టినట్టు ఉంటే నూటికి నూరు మంది మనవాళ్లు ముందు అనేది 'గ్యాస్ ట్రబుల్' అనే. రోగి స్వయంగా గ్యాసని తేల్చేస్తే ఎదుటివాళ్ల తొందర తగ్గడం సహజం. ఫోనులో ఆ మాట అనవద్దు. 'చెస్ట్ పెయిన్, స్వెటింగ్' అని కనిపించినదే చెప్పాలి, కారణం వాళ్లు తేలుస్తారు.

పక్షవాతం విషయంలో వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న 'వెన్ వజ్ షీ లాస్ట్ నార్మల్?' అన్నది. మూతి వంకర ఎప్పుడు చూశారని కాదు, చివరిసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారని. మెదడులో గడ్డను కరిగించే మందు సాధారణంగా ఆ గడియ నుంచి నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. నిద్రలేచేసరికే మూతి వంకరపోయి ఉంటే, లెక్క మొదలయ్యేది మెలకువ వచ్చిన వేళ నుంచి కాదు, రాత్రి పడుకునే ముందు బాగున్న వేళ నుంచి. కనుక 'షీ వజ్ ఫైన్ ఎట్ టెన్ పీఎం' అన్నలాంటి వాక్యం, గడియారం చూసి చెప్పేది, బంగారంతో సమానం.

మందుల పేర్లలో ఇంకో చిక్కు ఉంది. మనం వాడేది కంపెనీ పెట్టిన పేరు. ఎకోస్ప్రిన్, గ్లైకోమెట్, డోలో అంటే అక్కడి నర్సుకు తెలియదు. వరసగా ఆస్పిరిన్, మెట్‌ఫార్మిన్, పారాసెటమాల్ అని మందు అసలు పేరు రాసి ఉంచాలి. ఆ పారాసెటమాల్‌ను కూడా అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. రక్తం పలచబడే మందు వాడుతుంటే 'బ్లడ్ థిన్నర్' అన్న మాట, ఏదైనా మందు పడకపోతే 'ఎలర్జిక్ టు పెన్సిలిన్' అన్న తరహా మాట ఆ కాగితం మీద అన్నిటికంటే పైన ఉండాలి. పుట్టినతేదీలో నెలను అంకెతో కాక పేరుతో రాయాలి. మన 4-7, జులై 4వ తేదీ, అక్కడ ఏప్రిల్ 7 అయిపోతుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మన పాస్‌పోర్టుల్లో ఎలాగూ ఉంది కనుక, పాస్‌పోర్టులో ఉన్నదాన్ని ఉన్నట్టే రాయడం మంచిది.

మనవల్ని చూసుకునే తాతలు, అమ్మమ్మలు గుర్తుంచుకోవలసిన ఇంకో నంబరు 1-800-222-1222. తాతగారి బీపీ మాత్ర పసివాడు మింగినప్పుడు ఫోను చేయవలసిన విష నివారణ కేంద్రం అది. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, దుబాసీని కలుపుతారు. పిల్లవాడు స్పృహ తప్పినా, ఊపిరి తీసుకోలేకపోయినా మాత్రం నేరుగా 911. ఇక వంటింటి సంగతి. తాళింపు పొగకు పైకప్పున ఉన్న, పొగను పసిగట్టే యంత్రం కూతపెట్టడం ప్రతి తెలుగింట్లో జరిగేదే. అది విని అగ్నిమాపక సిబ్బంది నిజంగానే గుమ్మంలోకి వస్తే 'నో ఫైర్, ఓన్లీ కుకింగ్ స్మోక్' అని చెప్పి పక్కకు తప్పుకోవాలి. వాళ్లు లోపలికి వచ్చి చూస్తామంటే చూడనివ్వాలి.

టెక్సస్‌లో వసంతకాలం గడిపేవారు వినడానికి నేర్చుకోవలసిన జంట ఒకటుంది. 'టోర్నడో వాచ్' అంటే సుడిగాలి పుట్టే పరిస్థితులున్నాయి, కనిపెట్టి ఉండమని. 'టోర్నడో వార్నింగ్' అంటే సుడిగాలి కంటికో రాడారుకో చిక్కిందని, ఆ క్షణమే కింది అంతస్తులో కిటికీలు లేని లోపలి గదిలోకి పొమ్మని. ఫోను హోరెత్తుతుంటే వరండాలోకి వచ్చి ఆకాశం చూడటం మన అలవాటు, అక్కడ సరిగ్గా చేయకూడని పని అదే.

పోలీసులైనా మరొకరైనా, చేతిలో తుపాకీ ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి వినడం ఎంత ముఖ్యమో రెండు సంఘటనలు చెబుతాయి. 1992 అక్టోబరులో లూసియానాలోని బేటన్ రూజ్‌లో, జపాన్ నుంచి చదువుకోవడానికి వచ్చిన 16 ఏళ్ల అబ్బాయి విందు జరిగే ఇల్లనుకుని వేరే ఇంటికి వెళ్లాడు. ఆ ఇంటి యజమాని తుపాకీ ఎత్తి 'ఫ్రీజ్' అన్నాడు. కదలకు అన్న ఆ హెచ్చరిక అందక అబ్బాయి ముందుకు నడిచాడు, తూటాకు బలైపోయాడు. అందుకే 'ఫ్రీజ్', 'డోంట్ మూవ్', 'షో మీ యువర్ హ్యాండ్స్', 'స్టెప్ బ్యాక్' అన్న నాలుగింటినీ అర్థంతో కాదు, ఒంటితో నేర్చుకోవాలి. మాట వినబడగానే చేతులు ఖాళీగా కనబడేలా ఆగిపోవాలి. కారును వెనక నుంచి దీపాలతో ఆపినప్పుడు, మన ఊళ్లో చేసినట్టు గౌరవంగా దిగి ఎదురువెళ్లకూడదు. చేతులు స్టీరింగు మీద పెట్టి కూర్చోవాలి.

అయితే రెండో సంఘటన ఈ పాఠాన్ని అంత సులువుగా ముగియనివ్వదు. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ల ఆయన కొడుకు ఇంటి వీధిలోనే నడుస్తుంటే ఎవరో అనుమానంతో పోలీసులకు ఫోను చేశారు. ఆయన తనకు ఇంగ్లీషు రాదని, ఇండియా అని, ఇంటి నంబరు కూడా చెప్పబోయాడు. ఒక పోలీసు ఆయనను నేలకేసి పడేశాడు. వెన్నెముక దెబ్బతిని శరీరం పాక్షికంగా చచ్చుబడింది. ఆ పోలీసు మీద కేసు కోర్టులో నిలవలేదు, నగరం మాత్రం 2021లో 17.5 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఆయన చెప్పవలసినవి చెప్పాడనే నేను అంటాను. 'ఆయనకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చి ఉంటే' అన్న మాట అప్పట్లో మనవాళ్ల నోటే విన్నాను. అది నాకు రుచించదు. నడకకు వెళ్లే తాతగారు మెడలో కొడుకు చిరునామా, ఫోను నంబరు ఉన్న కార్డు వేసుకోవడం మంచిదే. ఆ కార్డు లేకపోవడం నేరం కాదు. భాష రానివాడితో ఎలా మసలుకోవాలో నేర్చుకోవలసింది చేతిలో తుపాకీ ఉన్నవాడే.

ఇక మిగిలింది మనవాళ్లు అసలు 911 నొక్కకపోవడం. భర్త కుప్పకూలితే అమ్మ ముందు ఫోను చేసేది ఆఫీసులో ఉన్న కొడుక్కి. దీనికి రెండు కారణాలు. ఒకటి ఖర్చు. మన 108లా అది ఉచితం కాదు, అంబులెన్సుకు వందల నుంచి వేల డాలర్ల బిల్లు వస్తుందన్నది నిజమే. కానీ డబ్బు సంగతి తేలలేదన్న కారణంతో ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని పరీక్షించి స్థిమితపరచకుండా పంపరాదని అక్కడ 1986 నుంచీ చట్టం ఉంది. ఆ లెక్కలు తర్వాత చూసుకోవచ్చని కొడుకే నోరు తెరిచి ముందుగా చెప్పాలి. 'అమ్మా, ముందు 911కి చెయ్యి, తర్వాతే నాకు చెయ్యి, బిల్లు సంగతి నేను చూసుకుంటాను' అన్న తెలుగు వాక్యం, వీసా ఇన్సూరెన్సు కాగితాలన్నిటికంటే ముందు ఆమె చెవిన పడాలి. రెండో కారణం ఇంగ్లీషు భయం. దానికి మందు అభ్యాసం. కొడుకో కోడలో 911 ఉద్యోగిలా పక్కగదిలో నుంచి ఫోను చేసి ఆ ప్రశ్నలు అడగాలి, ఆమె జవాబు చెప్పాలి. పరీక్ష కోసం అసలు 911కి మాత్రం చేయకూడదు. వాట్సాప్ నుంచి 911కి వెళ్లదని, మామూలు ఫోను నుంచే చేయాలని, ప్లాను ఆగిపోయిన మొబైల్ నుంచి కూడా 911కి వెళుతుందని, అయితే అప్పుడు వాళ్లు తిరిగి చేయడానికి నంబరు ఉండదు కనుక లైను వదలకూడదని అప్పుడే చెప్పాలి. హోటల్లో దిగినప్పుడు 911కి ముందు 9 నొక్కాలా అన్న సందేహం చాలావరకు అక్కర్లేదు. 2020 ఫిబ్రవరి తర్వాత పెట్టిన ఫోను వ్యవస్థలన్నిటిలోనూ నేరుగా 911 వెళ్లాలన్నది చట్టం.

కొడుక్కి ఫోను చేయడంలో ఇంకో చిక్కు ఉంది. 911 అన్నది ఫోను చేసిన చోటును బట్టి ఆ ప్రాంతపు కేంద్రానికి పోతుంది. కొడుకు ఆ రోజు వేరే రాష్ట్రంలో పని మీద ఉంటే అతని 911 ఆ రాష్ట్రపు కేంద్రానికి చేరుతుంది. అప్పుడతను 'ది ఎమర్జెన్సీ ఈజ్ ఇన్ అనదర్ సిటీ' అని చెప్పి, ఊరి పేరు, రాష్ట్రం చెప్పి, అక్కడికి కలపమని అడగాలి. విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్న పెద్దకొడుక్కి అమ్మ వీడియో కాల్ చేస్తూ పడిపోతే, అతను ఇండియాలో 911 నొక్కినా అమెరికా కేంద్రానికి పోదు. అతనికి కావలసింది తమ్ముడు ఉండే ఊరి పోలీసుల పదంకెల నంబరు, దాని ముందు అమెరికా కోడ్ 1. ఆ నంబరు, ఊరి పేరు, మన జిల్లా లాంటి కౌంటీ పేరు, ఇంటి చిరునామా నాలుగూ ఇక్కడి అన్నగారి ఫోనులో కూడా దాచి ఉంచమని నన్నడిగినవారికి చెబుతున్నాను.